నంజప్పకు నేనిచ్చిన ముత్తాత

మా ఇంటి దేవర మీద ఒట్టు, నన్ను కన్న తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈపాటికే నవ్వుతుంటారు. అరవదేశపు అంచున ఉన్న మా బేరిగై టీకొట్లో నేను నోరు తెరిస్తే పిల్లి పులైపోతుందని పేరు. అది వేరే సంగతి. ఇది మాత్రం ఏళ్ల తరబడి మోస్తున్న బరువు. మాటవరసకు అంటున్న బరువు కాదు, నిజంగానే రాయి. దాన్ని ఈడ్చేటప్పుడు మా ఎద్దులు రెండూ నురగలు కక్కాయి.

తొంభైల చివరి మాట. మా బావి దగ్గర బట్టలుతికే బండ ఒకటి ఉండేది. మా అవ్వ కాలం నుంచీ దాని మీదే ఉతుకుడు. ఒకరోజు అది కదులుతోందని సరిచేయబోయి తిరగేశాను. అడుగు వైపున మీసాలు పెట్టుకుని ఒక మనిషి! చేతిలో కత్తి, కాళ్ల దగ్గర ఆవు. వీరగల్లు. పాతకాలంలో దొంగలు తోలుకుపోతున్న ఊరి ఆవులకు అడ్డుపడి చచ్చినవాడికి నిలబెట్టే రాయి. ఎప్పుడో అక్కడే బోర్లా పడిపోయింది. కింద మట్టిలో పాత కుండ పెంకులు కూడా కనిపించాయి. మూడు తరాలుగా ఆ వీరుడి వీపు మీద మా చీరలూ పంచెలూ బాదామన్నమాట.

సరిగ్గా అప్పుడే టీకొట్లో ఒక కబురు. ఇలాంటి రాళ్ల మీద పరిశోధన చేసే ఒకామె ఊరూరా తిరుగుతోందట. ఆమె ఫోటో తీసిన రాయి ఎవరి పొలంలో ఉంటే ఆ పొలానికి సర్కారు కంచె వేస్తుందట. గురుబరపల్లి దిక్కున ఎవరిదో అలాగే పోయిందట. ఎవరిది? నేను అడగలేదు. ఊరంతటికీ పుకార్లు పంచేవాణ్ణి, ఒక పుకారు నమ్మి చెడ్డాను చూడండి.

మధ్యాహ్నం ఊరు ఊరంతా టీవీల ముందు క్రికెట్‌కు అతుక్కుపోయి ఉండగా, రాయికి మోకు కట్టి ఎద్దులతో గట్టు అవతలికి ఈడ్పించాను. అక్కడ ముళ్లపొదల్లో, గొర్రెలు కూడా దూరని చోట, నిలువునా పాతాను. ఈడ్చిన జాడ మీద నాగలి తోలాను. బావి దగ్గర కొత్త బండ వేశాను. పాతాక చూస్తే వీరుడు నా ఇంటివైపే చూస్తున్నాడు. ఆ చూపు నచ్చక ఉత్తరానికి తిప్పాను.

గట్టు అవతలిది నంజప్ప పొలం. అంటే నా పొలం పోకూడదు, ఆయనది పోయినా ఫరవాలేదు. అప్పుడు ఇంత విడమరిచి అనుకున్నానా? లేదు. అనుకోవలసి వస్తుందనే అంత తొందరపడ్డానేమో.

నంజప్ప గొర్రెలు కాచుకునే మనిషి, నాకంటే పెద్దవాడు. వాళ్ల నాయన ఎక్కడి నుంచో కూలికి వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్నాడు. ఊళ్లో ఎవరికి కోపం వచ్చినా, "నీ తాత పేరు చెప్పు చూస్తాం" అని ఆయన నోరు మూయించేవాళ్లు. ఆ మెట్ట పొలాన్ని గులాబీ తోటల కంపెనీకి అమ్మి, కెలవరపల్లి దగ్గర నీళ్లు పారే భూమి కొనుక్కోవాలని ఆయన ఆశ. బేరం కుదిరింది కూడా.

పరిశోధకురాలు వచ్చింది. కోలారు మనిషి, మన యాసే. ఆమె మా బావి వైపు పోకుండా నేనే ముందు నడిచి పొదల్లో రాయి చూపించాను. గొర్రెలు వదిలేసి నంజప్ప కూడా వచ్చాడు. ఆమె చాలాసేపు రాయి మొదట్లో మట్టినే చూసింది.

"దీన్ని ఎవురన్నా జరిపినారాప్పా?"

"యాడిది మేడం! మా ముత్తాత పుట్టకముందు నించి ఈడనే ఉండాది."

"మన్ను కొత్తగా తవ్వినట్టుండాదే?"

"ఏనుగు మేడం. అడివిలో నించి వచ్చి దీనికే ఈపు గోక్కుంటాది. ఇంకో రాయి ముట్టదు."

"రాయి కంటే అది నిలబడిన చోటు ముఖ్యమప్పా. చోటు మారిస్తే ఆ మనిషి కథే మారిపోతాది. మళ్లా అడుగుతాండా. జరిపినారా?"

"లేదు మేడం."

అక్కడైనా ఆగి ఉండొచ్చు. ఆగానా? ఆమె కళ్లలో అనుమానం చూసి నా నోరు పరుగందుకుంది. "వీడు ఎవురనుకున్నారు మేడం? ఈ నంజప్పన్న ముత్తాత, మునివీరప్ప! తల తెగినాక గూడా మొండెం ఆవుల్ని ఇంటికి తోలకొచ్చి కట్టేసినాకనే పడింది."

నంజప్ప చేతిలో కర్ర జారిపోయింది. "మా తాతనా? మా నాయన యాడనో పుట్టి ఈడికి కూలికొచ్చినాడు గదరా!"

"కూలికి రాలేదన్నా. తిరిగొచ్చినాడు."

ఈ మాట నాకు ఎక్కడి నుంచి ఊడిపడిందో ఇప్పటికీ తెలియదు. నంజప్ప కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె తన వ్యాసంలో, వీరుడు ఉత్తరానికి చూస్తున్నాడు గనుక దొంగలు అటునుంచి వచ్చి ఉండవచ్చనీ, రాయిని జరిపి ఉండవచ్చన్న అనుమానమూ ఉందనీ రాసింది. ఏనుగు గురించి ఒక్క ముక్క లేదు. కొంచెం బాధపడ్డాను. కంచె వేయడానికి ఎవరూ రాలేదు.

వచ్చింది కంపెనీవాళ్లు. నంజప్ప వాళ్లను గట్టు మీదే నిలబెట్టి, "తాతను అమ్ముకోని తింటారాప్పా ఎవురన్నా?" అని పంపేశాడు. కెలవరపల్లి భూమి ఇంకెవరో కొనుక్కున్నారు. ఇప్పుడు చుట్టూ గులాబీల ప్లాస్టిక్ కొట్టాలు, నడుమ ఆయన ఉలవ చేను. వాన వస్తే పండుతుంది. ఆయన భార్య ఆ రాయి వైపు తల తిప్పదు. ఆయన మాత్రం ఎవరూ అడగకపోయినా తాత పేరు చెబుతాడు. మనవడికీ అదే పేరు. నేను చేసింది అన్యాయమా? భూమి పోగొట్టాను గదా. మరి ఆ పేరు? ఎటు తూచినా ముల్లు నిలవడం లేదు.

చివరికి పోయినేడు గట్టు మీద కూర్చోబెట్టి నిజం చెప్పేశాను. నంజప్ప కడుపుబ్బ నవ్వాడు. "పోనీలేరా, మా తాత కాకుంటే మీ తాత. ఎవురికో ఒకరికి తాతే గదా!" అన్నాడు.

ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండేది. కానీ ఒట్టు పెట్టాను. ఇందులో ఒక్క చోట కల్పించాను. ఏనుగనుకుంటున్నారా? కాదు, ఆ అబద్ధం నేను నిజంగానే ఆడాను. కల్పించింది ఈ చివరి నవ్వు. అది నాకు కావలసిన నవ్వు. నంజప్పకు నేనేమీ చెప్పలేదు. చెబుదామని గట్టు దాకా పోయాను. ఆయన రాయి మీద మీసాలను తడిగుడ్డతో మెల్లగా తుడుస్తున్నాడు. వెనక్కి వచ్చేశాను.

అందుకే మీకు చెబుతున్నాను. చెప్పాక, నిజం చెప్పొద్దూ, కొంచెం ఊపిరాడుతోంది. నంజప్ప చదువుకున్నది అరవ బడిలో. తెలుగు మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. ఇంత ధైర్యంగా తెలుగులో రాస్తున్నది అందుకే.