ఆ పాప రాసిన మెసేజ్‌లు

తొంభైల్లో నేను మదనపల్లెలో ఒక మిషన్ బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పిల్లల ఇళ్ళకు కబురు పంపాలంటే అప్పట్లో మనిషి కావాలి. కలకడ వైపు నుంచి వచ్చే పిల్లవాడెవడైనా నాలుగు రోజులు కనబడకపోతే ఆ దారిలో పోయే బస్సు కండక్టర్‌తో చెప్పి పంపేదాన్ని. సాయంత్రానికి ఆయనే జవాబు మోసుకొచ్చేవాడు. "జరమంట అమ్మా. తగ్గినాక వస్తాడంట." అంతే. అవతలివాళ్ళు కంగారుపడేవారు కాదు, నేనూ పడేదాన్ని కాదు.

మా ఆయనకు పుంగనూరు బదిలీ అయ్యాక అక్కడ ఒక ప్రైవేటు హైస్కూల్లో చేరాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. రైతుల జేబుల్లోకి కూడా సెల్‌ఫోన్లు వస్తున్న కాలం. మా కరస్పాండెంట్ బెంగళూరులో ఎక్కడో చూసి వచ్చి, ఇంటర్నెట్‌లో మా బడికంటూ ఒక ఏర్పాటు చేయించాడు. టీచర్లందరికీ, తొమ్మిది, పది తరగతుల పిల్లలకూ లాగిన్‌లు ఇచ్చారు. హోంవర్కు అందులో పెట్టాలి. పిల్లలు కంప్యూటర్ ల్యాబ్ పీరియడ్‌లో సందేహాలు రాస్తే మేం అందులోనే జవాబివ్వాలి. తల్లిదండ్రులకు రాసింది వాళ్ళ ఫోన్లకు మెసేజ్‌గా పోతుంది. తెలుగు అక్షరాలు రావు కాబట్టి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

స్టాఫ్ రూంలో ఎవరికీ అది నచ్చలేదు. అందరికంటే పెద్దాయన, సోషల్ మాస్టారు, కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు. "ఎదురుగా కూసోనుండే పిల్లోళ్ళకు డబ్బాలో జవాబు రాసేదేందమ్మా. నోరుండేది దేనికి?"

నాకూ అలాగే అనిపించింది, ఆ పాప మెసేజ్ వచ్చేదాకా.

తొమ్మిదో తరగతిలో కిటికీ పక్కన కూర్చునేది ఆ అమ్మాయి. పుంగనూరు దగ్గర పల్లె. అమ్మానాన్నలు టమోటా పండిస్తారు. పాపకు నత్తి. మామూలు నత్తి కాదు, మొదటి అక్షరం దగ్గరే గొంతు బిగుసుకుపోయి మెడ నరాలు పైకి లేచేవి. హాజరు పిలిస్తే చెయ్యి మాత్రం ఎత్తేది. బడిలో ఆమె గొంతు ఎలా ఉంటుందో సరిగా తెలిసినవాళ్ళు లేరు.

ఒకరోజు నా మెసేజ్ బాక్స్ తెరిస్తే ఆమె పేరు కనబడింది. "మేడమ్, ఆరో లెక్కలో మైనస్ యాల ప్లస్ అయింది?"

జవాబు రాశాను. మరుసటి పీరియడ్‌కు ఇంకో ప్రశ్న. ఆ తర్వాత వరసగా వస్తూనే ఉన్నాయి. కొన్ని పాఠంలోవి, కొన్ని పాఠంతో సంబంధం లేనివి. "సున్నాను సున్నాతో భాగిస్తే ఏమొస్తాది మేడమ్? మా నాయన ఏమీ రాదంటాడు. మా అమ్మ సున్నానే అంటాది. ఇంట్లో గలాట." చదివి నాలో నేనే నవ్వుకున్నాను. ఇంత మాటకారి నా క్లాసులో ఇన్ని నెలలుగా నోరు మూసుకుని కూర్చుని ఉందన్నమాట.

ఆ సంతోషంలో వాళ్ళ నాన్న ఫోన్‌కు ఒక మెసేజ్ పెట్టాను. మీ పాప లెక్కల్లో చాలా బాగా ఆలోచిస్తోంది, అని.

మరునాడు ఆయన బడికొచ్చాడు. తోటలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, లుంగీ మీద టమోటా ఆకు మరకలు. వరండాలో నిలబడి ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏం తప్పు జేసింది మేడమ్ మా పాప?"

"తప్పేం లేదప్పా. ఎందుకలా అడుగుతావు?"

"ఇస్కూలు నుంచి మెసేజీ వచ్చిండాది. నాకు ఇంగిలీసు రాదు. ఎప్పుడొచ్చినా ఫీజు కట్టలేదనో, మార్కులు తగ్గినాయనో వస్తాది గదా. పాపకు సూపిస్తే భయపడతాదని సూపించలేదు. రాత్రంతా మా ఆడోళ్ళు నిద్రపోలేదు."

నేను ఫోన్ తీసుకుని చదివి వినిపించాను. "ఇంకోసారి సదవండమ్మా" అన్నాడాయన. మళ్ళీ చదివాను. "దీనికి గూడా మెసేజీ పెడతారా?" అని అడిగి, అది ఫోన్లోంచి పోకుండా ఉండాలంటే ఏ బటన్ నొక్కకూడదో అడిగి తెలుసుకుని వెళ్ళాడు. ఆ రోజు నుంచి బాగా చదివిన పిల్లల ఇళ్ళకు కూడా మెసేజ్ పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఏదైనా పంపబోయే ముందు, చదవడం రాని ఇంట్లో దీన్ని ఎలా తీసుకుంటారో అని ఒక్క నిమిషం ఆలోచించేదాన్ని.

సోషల్ మాస్టారికి ఈ సంగతంతా చెప్పాను. ఆయన సంతోషించాడు గానీ తల అడ్డంగా ఊపాడు. "అంతా బాగుండాది. కానీ ఆ పాప రాసుకుంటా రాసుకుంటా నోరు తెరిసేదే మానేస్తాది సూడు. రేపు ఇంటర్వ్యూలో గూడా టైపు కొడతానంటే ఒప్పుకుంటారా?"

ఆయన మాట కొట్టిపారేయలేకపోయాను. చాలా రోజులు మనసులో నలిగాక పాపకే రాశాను. "రేపు బోర్డు మీద ఒక లెక్క చేస్తావా?" జవాబు వెంటనే రాలేదు. తర్వాతి ల్యాబ్ పీరియడ్‌లో వచ్చింది. "మాట్లాడమంటారా?" "మాట్లాడమనను" అని రాశాను. "అట్లయితే చేస్తా."

చేసింది. పొడవాటి లెక్క, ఎక్కడా తడబడకుండా చాక్‌పీస్ టకటకా కొట్టుకుంటూ చేసింది. వెనక బెంచీలో అమ్మాయి ఒకతె లేచి, మూడో మెట్టులో అది ఎలా వచ్చిందే అని అడిగింది. పాప నా వైపు చూసింది. నేను చెబుదామనుకునే లోపే ఆమె నోరు తెరిచింది. "క... క..." దగ్గర ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అడిగిన పిల్ల మాత్రం నవ్వలేదు, చేతులు కట్టుకుని నిలబడే ఉంది. "కామన్ తీసినా" అని పూర్తి చేసేసరికి పాప ముఖమంతా చెమట. ఆ పూట ఆమె బాక్స్‌లో ఏమీ రాయలేదు. నేనూ రాయలేదు.

ఆ ఎండాకాలం వాళ్ళ బోరు ఎండిపోయింది. కొత్తది వేసినా నీళ్ళు పడలేదు. కుప్పంలో గ్రానైట్ పాలిష్ చేసేచోట పని దొరికిందని వాళ్ళ నాన్న పాప టీసీ కోసం వచ్చాడు. "పదో తరగతి ఆడ్నే గవర్మెంటు బళ్ళో జేరుస్తాం మేడమ్. మా పాప రానంటే రానని ఏడిసింది." పాప ఆ రోజు రాలేదు. వీడ్కోలు చెప్పడానికి కూడా వీలు లేకపోయింది.

బళ్ళు తెరిచిన కొన్ని వారాలకు బాక్స్‌లో మళ్ళీ ఆమె పేరు. లాగిన్ తీసేయడం ఎవరికీ గుర్తు లేనట్టుంది. కుప్పంలో రైల్వే స్టేషన్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నుంచి రాసింది. "ఈడ పిల్లోళ్ళు తెలుగు, అరవం, కన్నడం మూడూ మాట్లాడతారు మేడమ్. నాకు మూడింట్లోనూ గొంతు పట్టేస్తాది." నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత చాలా నెలలు ఆదివారాలు ఆమె ప్రశ్నలు వచ్చేవి, సోమవారం నేను జవాబు రాసేదాన్ని. కరస్పాండెంట్‌కు విషయం చెప్పాను. ఆయన కాస్త ఆలోచించి, "ఉండనీలేమ్మా, ఒక పేరే గదా" అన్నాడు.

పబ్లిక్ పరీక్షలు ఇంకా కొంత దూరంలో ఉండగా ఆయనే ఆ ఏర్పాటు మొత్తం మానేస్తున్నట్టు చెప్పాడు. తల్లిదండ్రులు చూడటం లేదు, టీచర్లు రాయడం లేదు, దండగ అన్నాడు. చాలా మట్టుకు నిజమే. ఈ మాట పాపకు ఒక వాక్యంలో రాసి వదిలేయడానికి నాకు చేతులు రాలేదు. ఆదివారం పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో కుప్పం వెళ్ళాను.

పాలిష్ యూనిట్ వెనక రేకుల ఇల్లు. చుట్టూ చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి రాతి పొడి. వాళ్ళమ్మ బయటికొచ్చి, "మేడమ్ వచ్చిండాది, సూడు" అని లోపలికి కేకేసింది. పాప ఎదిగింది. నన్ను చూసి నవ్వింది, మాట్లాడలేదు. వాళ్ళమ్మ కాఫీ పెట్టడానికి వెళ్ళాక విషయం చెప్పాను. తల వంచుకుని విన్నది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. "ఇంక మీకు... యా... యాడ రాయాల?" క్లాసులో నలభై ఐదు నిమిషాలకు గంట మోగుతుందన్న తొందర ఉంటుంది. ఇక్కడ గంట లేదు. చాపమీద కూర్చుని ఆమె చెప్పేదాకా విన్నాను. కొత్త బడిలో లెక్కల సారు మంచివాడనీ, సందేహాలు చీటీ మీద రాసిస్తే ఇంటర్వెల్‌లో చెబుతాడనీ, పక్క బెంచీ అరవ పిల్లతో స్నేహం కుదిరిందనీ, ఆ పిల్ల తనకంటే నిదానంగా తెలుగు మాట్లాడుతుంది కాబట్టి ఇద్దరికీ సరిపోయిందనీ చెప్పింది. చాలాసేపు పట్టింది. వాళ్ళమ్మ కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి, కూతురు పరాయి మనిషితో అంతసేపు మాట్లాడటం చూస్తూ లోపలికి రావడం మరిచిపోయింది.

నా ఫోన్ నంబరిచ్చి వచ్చాను. పరీక్షలదాకా వాళ్ళ నాన్న ఫోన్ నుంచి మెసేజ్‌లు వచ్చాయి.

ఫలితాల రోజు మధ్యాహ్నం ఆ ఫోన్ నుంచి కాల్ వచ్చింది. ఆయనే అనుకుని, "చెప్పప్పా" అన్నాను. అవతల రాయి కోసే మిషన్ చప్పుడు. మాట లేదు. ఊపిరి తీస్తున్నట్టు మాత్రం వినిపించింది. ఎదురుగా మనిషి లేకుండా ఫోన్‌లో మాట్లాడటం నత్తి ఉన్నవాళ్ళకు ఎంత కష్టమో నాకు అప్పటికి తెలుసు. "తొందరేం లేదు పాపా, నేనిక్కడే ఉన్నాను" అన్నాను.

"మే... మేడమ్. ఫస్ట్ క్లాసు. లెక్కల్లో తొం... తొంభై నాలుగు."

ఆ వెంటనే వాళ్ళ నాన్న ఫోన్ అందుకున్నాడు. "నేను జెప్తానంటే ఇయ్యలేదు మేడమ్. తనే జెప్పాలంట."

ఆ పాప తర్వాత డిప్లొమా చదివింది. నత్తి పూర్తిగా పోలేదు, కొంత తగ్గింది. ఇప్పుడు కుప్పంలోనే ఒక ఆఫీసులో కొలతలూ డ్రాయింగులూ చూస్తోంది. పని మీద వచ్చినవాళ్ళతో తనే మాట్లాడుతుందట. వాళ్ళు ఆగి వింటారట.