నాయనమ్మ చుట్టకు నిప్పు

మొన్న కోదాడలో మా మునిమనవడి బడికి వెళ్లాను. ఈ చుట్టుపక్కల బీడీలు, సిగరెట్లు అమ్మరాదని గేటు దగ్గర బోర్డు పెట్టారు. లోపల పిల్లలంతా చేతులు చాచి, జన్మలో పొగాకు ముట్టబోమని ప్రమాణం చేశారు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం ఒళ్లోనే ఉండిపోయాయి. "ఏమైంది అమ్మమ్మా, పాణం బాగలేదా?" అని పక్కన కూర్చున్న మనవడు, ఆ పిల్లవాడి తండ్రి, అడిగాడు. బాగానే ఉంది. సంతోషం రాలేదు, ఏడుపూ రాలేదు. మా అన్న గుర్తుకొస్తే నాకు ఎప్పుడూ ఇంతే, లోపలంతా మొద్దుబారిపోతుంది.

నైజాం పాలన చివరి రోజులవి. సూర్యాపేటకూ కోదాడకూ మధ్య మా ఊరు. మా నాయనమ్మకు అన్నం ఒక పూట ఆలస్యమైనా నడిచేది గానీ, చుట్ట ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరి వేసేది. అప్పట్లో అగ్గిపెట్టె దొరకడమే కష్టం, దొరికినా దీపానికే. అందుకని వంటింటి పొయ్యిలో చుట్ట ముట్టించి, ముందరి అరుగు దాకా తెచ్చివ్వడం ఇంట్లో పిల్లల పని. మా ఇల్లు పొడుగు. ఊరికే పట్టుకొని నడిస్తే దారిలోనే ఆరిపోతుంది, మధ్యలో నాలుగు దమ్ములు పీల్చాలి. ఈ విద్యలో మా అన్న ఆరితేరాడు. ఆరకుండా తెస్తే నాయనమ్మ "నా బంగారు కొండ" అంటూ కొంగుముడి విప్పి బెల్లంముక్క పెట్టేది. పిల్లవాడు పొగ తాగుతున్నాడని ఎవరికీ తోచలేదు. మా ఇంట్లో తాగడం వేరు, ముట్టించడం వేరు. పెద్దల పని చేసిపెడితే తప్పెలా అవుతుంది?

మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటివాడు అన్న. సూర్యాపేటలో బాబాయి ఇంట ఉంచి చదివించారు. కొడుకు రేపు సర్కారు కచేరీలో కుర్చీ మీద కూర్చుంటాడని నాయన పొలం గట్ల మీద కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు. అన్నకు లెక్కలు బాగా వచ్చు, ఉర్దూ ఇంకా బాగా వచ్చు. రానిదల్లా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పొగ లేకుండా కూర్చోవడం. ఒకనాడు బడి గోడ వెనక బీడీ కాలుస్తూ పంతులుకు దొరికాడు, ఆయన బడి నుంచి వెళ్లగొట్టాడు. బాబాయి వెంటబెట్టుకొని ఊరికి తెచ్చాడు. నాయన చింతబరికె తీశాడు. అరుగు మీద నుంచి నాయనమ్మ అందరికంటే గట్టిగా అరిచింది. "మనింట్ల పోరగాళ్లు బీడీలు తాగుడేందిరా? ఎవడు నేర్పిండురా నీకు?" ఆమె వేళ్ల మధ్య చుట్ట ఉంది. అన్న ఆ చుట్ట వైపే చూశాడు.

అరుపుల్లో పడి పీల్చడం మరిచిందేమో, చుట్ట ఆరిపోయింది. అప్పుడు అన్నను పిలిచే ముఖం లేక నన్ను పిలిచింది. "ఓ పిల్లా, జర ముట్టిచ్చుకరాయే." ఇక బెల్లం నాకే అని సంబరంగా పరుగెత్తాను. పొయ్యి ముందు వంగానో లేదో, అమ్మ నా చేతిలోంచి చుట్ట లాక్కుంది. అత్త ఎదుట నిలబడి మాట్లాడి ఎరగని మనిషి, ఆ చుట్ట పట్టుకొని అందరి ముందుకూ వచ్చింది.

"అత్తమ్మా, ఇగ నా పిల్లలు నీ సుట్ట ముట్టియ్యరు. ఆనికి బడిల ఎవ్వలు నేర్పలే. మనమే బెల్లం పెట్టి నేర్పినం." తర్వాత బాబాయి వైపు తిరిగింది. "నువ్వు పంతులుకు సెప్పు మరిదీ. పోరగాళ్లను కొడితే ఏమొస్తది? నిప్పుకు పిల్లలను తోలొద్దని ఇండ్లల్ల పెద్దోళ్లకు సెప్పుమను."

నాయన బరికె కింద పడేశాడు. "కోడలికి నోరొచ్చింది" అని నాయనమ్మ గొణుక్కుంది. మర్నాటి నుంచి ఆమె మంచం పక్కన నిప్పుల కుంపటి వెలిసింది. చాలా రోజులు అమ్మతో మాట్లాడలేదు, పచ్చడి కావాలన్నా గోడతోనే చెప్పేది. కానీ మళ్లీ పిల్లల్నెవరినీ నిప్పుకు పిలవలేదు.

అమ్మ మాట పంతులుకు నచ్చింది. పిల్లల్ని చేర్చడానికి వచ్చిన ప్రతి తండ్రికీ ఆయన అదే చెప్పేవాడట. అన్ననూ మళ్లీ చేర్చుకున్నాడు. అన్న పొగ మానాలనే చూశాడు, ఆ సంగతి నాకు తెలుసు. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు, "పుస్తకం తెరిస్తే పొగనే యాదికొస్తది చెల్లె, ఏం జెయ్యాలె?" అన్నాడు. ఆ ఏడు తిరగకుండానే, ఎవరూ పొమ్మనకముందే, తనే బడి మానేశాడు. మిర్యాలగూడలో ధాన్యం బస్తాలు మోస్తూ బతికాడు. చివరికి దగ్గే అన్నను తీసుకుపోయింది. ఆ రోజు వదిన గుండెలు బాదుకుంటుంటే నేను పెరట్లో కూర్చుని గిన్నెలు కడిగాను. రాతిగుండె మనిషి అని ఎవరో అన్నారు. నేను ఇంకో గిన్నె అందుకున్నాను.

ఒకే కడుపున పుట్టాం, ఒకే పొయ్యి దగ్గర పెరిగాం. తెలివిలో అన్నే నాకంటే ఎక్కువ. అమ్మ నోరు విప్పిన ఆ సాయంత్రానికి అన్న పొగ మరిగేంత పెద్దవాడైపోయాడు, నేనింకా చిన్నదాన్ని. కాలం మా ఇద్దరికీ చేసిన తేడా అంతే.