పెద్దబాపుకు రెండో నీళ్ళు

మా బాపుకూ, పక్కింట్లో ఉండే ఆయన అన్నకూ మాటలు లేక ఏడాది. కారణం మా కూలర్. అది తన పడకగది వైపు గుర్రుమంటుందని పెద్దబాపు ఫిర్యాదు. చంద్రపూర్ ఎండల్లో కూలర్ ఆపమనేవాడు మనిషేనా అని బాపు జవాబు.

మొన్న మే నెలలో పెద్దబాపు కూతురి పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీ బాపుకు చెప్పు, అందరు రావాలె," అన్నాడు నాతో. బాపు ఆయన ఎదురుగానే ఉన్నాడు.

మా ఇళ్ళల్లో చాయ్ తాగితే కోపం పోయినట్టు. తాగకుండా లేస్తే, ఆ పెళ్ళిలో మేం చుట్టాలం కాదు, ఇరుగుపొరుగు. బాపు కళ్ళతోనే అమ్మను తొందరపెట్టాడు. లోపల పాలు విరిగాయి.

అలా ఇంటి పరువు నా చేతికొచ్చింది. నా దగ్గర లాంగ్‌జింగ్ అనే చైనా గ్రీన్ టీ ఉంది. తెప్పించి వారమైంది, దాని మీద నా పాండిత్యం మూడు వీడియోలు. మరిగిన నీళ్ళు కొంచెం చల్లారాక పోయాలట. మా ఊళ్ళో మేలో ఏదైనా చల్లారాలంటే జూన్ రావాలి. అయినా ఆగాను. గిన్నెలో ఆకు వేసి నీళ్ళు పోసి, ఆ మొదటి నీళ్ళు గ్లాసులోకి వంచి బాపుకిచ్చాను. అదే ఆకు మీద మళ్ళీ పోసి పెద్దబాపుకిచ్చాను.

ఆయన గ్లాసు ముట్టలేదు. "కాయ్ రే, ఏందిరా ఇది? మీ బాపుకు అసలు చాయ్, నాకు కడిగిన నీళ్ళా?"

"గట్ల కాదు పెద్దబాపూ! రెండో నీళ్ళకే రుచి ఎక్కువ. చైనాల పెద్దోళ్ళకు గదే ఇస్తరు." చివరి ముక్క నేను అక్కడికక్కడే కల్పించాను.

ఇప్పుడు బాపు గ్లాసు కింద పెట్టాడు. "అంటే నాకిచ్చింది పారబోసేదా?"

ఒక్క చెంచా ఆకుతో ఇద్దరన్నదమ్ములకూ అవమానం. ఏడాదిలో వాళ్ళు ఒప్పుకున్న మొదటి సంగతి, నేను దద్దమ్మనని.

వేరే గ్లాసులు రెండు తెచ్చి, వాళ్ళ ముందే చెరో చెంచా ఆకు వేసి నీళ్ళు పోశాను. పెద్దబాపు వంగి, రెండిట్లో ఆకు సమానమేనా అని చూశాడు. సమానమే. తాగాడు. వంటింట్లో అమ్మ హమ్మయ్య అనుకోవడం నాకు వినబడింది.

అక్కడితో అయిపోవాలి. కానీ బాపు అదే ఆకు మీద రెండోసారి నీళ్ళు పోయించుకున్నాడు, కనక పెద్దబాపూ పోయించుకున్నాడు. మూడోది. నాలుగోది. ముందు గ్లాసు దించేవాడు లేడు. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. ఐదోసారి నేను నీళ్ళు తెస్తే, బాపు నన్ను వదిలేసి నేరుగా ఆయన్నే అడిగాడు.

"అన్నా, ఇంక పొయ్యమంటవా?"

"నీకు పోస్తే నాకు పొయ్యమను."

ఆ నీళ్ళలో రుచన్నదే లేదు. ఇద్దరూ బాగుందన్నారు.