తోక మేడమ్ తీసేసిన మంటలు

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి తోక మేడమ్ అంటారు. మొహం మీదే అంటారు, ఆవిడా నవ్వుతూ పలుకుతుంది. ఎక్కడో ఊహకందని దూరంలో ఓ నక్షత్రం కుప్పకూలి, చస్తూ చస్తూ గామా కిరణాలు కక్కుతుంది. ఆ పేలుడు క్షణాల్లో అయిపోతుంది. దాన్ని పట్టుకున్నవాళ్ళకి పేపర్లో పేరొస్తుంది. ఆ వెనక గంటలూ రోజులూ సన్నగిల్లుతూ పోయే ఎక్స్‌రే వెలుగుంటుంది చూడండి, ఆ తోకని మాత్రం ఈవిడ నెత్తిన పడేస్తారు.

ఆ వెలుగు ఊరికే ఆరిపోదు. ముందు దభాలున పడుతుంది, తర్వాత కాసేపు మొండికేసి అక్కడే నిలబడుతుంది, ఆపైన నెమ్మదిగా దిగుతుంది. ఉపగ్రహం పంపిన కొలతల్ని గ్రాఫు మీద చుక్కలుగా పెట్టి, వాటి గుండా గీత సరిగ్గా పోయేలా లెక్కల సూత్రం అమర్చడం ఆవిడ పని. మధ్యలో ఒక్కోసారి వెలుగు ఉన్నట్టుండి భగ్గుమంటుంది. గీత గీసేముందు ఆ మంటల చుక్కల్ని పక్కకి తీసేస్తారు. తప్పేం కాదు, ఆ పనిలో అందరూ చేసేదే. తీసేస్తే అడుగునున్న గీత ఎంత నున్నగా దిగుతుందో! ఆ గీతంటే ఆవిడకి ప్రాణం.

ఖర్మ ఏమిటంటే, ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకుంది.

మొగుడు ఈత మాస్టారు. కొలను దగ్గర పిల్లలంతా ఆయనంటే పడిచస్తారు. ఇంట్లో ఆ మహానుభావుడి సంగతి వేరు. పెళ్ళైన కొత్తలో కూర చల్లారిందని ఆవిడ తల పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఆనక ఏడ్చి కాళ్ళు పట్టుకున్నాడు. కొన్నేళ్ళకి వేడి ఇస్త్రీపెట్టె విసిరాడు. తర్వాత బెల్టు. ఓసారి మెడ నొక్కితే కళ్ళలోకి నెత్తురు జీరలు దిగి, ఆఫీసుకి నల్లద్దాలు పెట్టుకెళ్ళింది. మధ్యలో నెలల తరబడి బుద్ధిగా ఉంటాడు, టీ పెట్టి చేతికిస్తాడు. ఈ పిచ్చిది కొట్టిన రోజుల్ని పక్కకి తీసేసి మిగతావి చూసుకుంటుంది.

"కోపం తగ్గుతోందక్కా, నిజంగా తగ్గుతోంది," అంది అక్క ఇంటికెళ్ళిన ఆ రోజు కూడా.

అక్క బట్టలు కుడుతుంది. చెల్లెలి పెదవి చిట్లి ఉండటం చూసి చేతిలో కత్తెర బల్లకేసి కొట్టింది.

"తగ్గుతోందా? నీ తలకాయ! మరి ఈ పెదవేమిటే?"

"అది... మధ్యలో లేచిన మంటక్కా. మా పనిలోనూ వస్తాయి. లెక్కలోకి తీసుకోం."

"అసలెందుకొస్తాయవి?"

"లోపలున్నది ఇంకా ఆరలేదన్నమాట. ఆ పేలుడు పుట్టించింది లోపల ఇంకా రగులుతూనే..."

అక్క ఆవిడ మొహంలోకే చూస్తోంది.

"పాపని తీసుకుని ఇప్పుడే వచ్చెయ్."

"పాప జోలికి ఎప్పుడూ రాలేదక్కా. అంతా అది నిద్రపోయాకే. దానికేం తెలీదు. వాళ్ళ నాన్నంటే దానికి ప్రాణం. ఆదివారం వస్తాలే."

ఆదివారం దాకా ఎవడు ఆగాడు? మర్నాడు సాయంత్రం ఆవిడ ఆఫీసు నుంచొచ్చి తలుపు తీసేసరికి, గ్లాసు పగలగొట్టిందని పాప చెయ్యి మెలిపెట్టి నిలబడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు ఆవిడ చెవులారా వింది. మీద పడి వాడి చెయ్యి నెత్తురొచ్చేలా కరిచింది. ఒక్క తన్ను తన్నాడు. వెళ్ళి బీరువాకి కొట్టుకుని పడింది.

ఆసుపత్రికి మళ్ళీ తనే తీసుకొచ్చాడు. దారిలో బిస్కెట్లు కొన్నాడు. "నా బంగారం, ఏడవకమ్మా," అంటూ పాప తల నిమిరాడు.

"ఎలా విరిగిందమ్మా?" అంది డాక్టరమ్మ.

"మెట్ల మీంచి జారానండి. నాన్న పట్టుకోబోయారు. నాదే తప్పు."

ఏడేళ్ళ పిల్ల, కన్నీటి చుక్క లేకుండా, ఒక్క తడబాటు లేకుండా చెప్పింది. ఈ అబద్ధం ఆడటం దానికి ఎవరు నేర్పారో తల్లికి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"మా ఇంట్లో మెట్లే లేవండి," అంది. "దాని చెయ్యి విరిచింది ఈయనే."

"ఏమే!" జుట్టు పట్టుకుని ఆవిడ మొహాన్ని మంచం కమ్మీకేసి గుద్దాడు. ముక్కు చితికింది. ట్రే కిందపడి కత్తెరలు, సీసాలు చెల్లాచెదురయ్యాయి. రెండోసారి గుద్దబోతుంటే వార్డులో పనిచేసే ఇద్దరు వచ్చి వాణ్ణి వెనక్కి లాగి నేలకి అదిమారు. "చంపేస్తానే నిన్ను, దాన్నీ చంపేస్తా!" అని వరండా పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. ఎవరో తలుపు మూసి గడియ పెట్టారు.

పాప ఆ గడియ వంకే చూసింది.

"అమ్మా, ఇప్పుడు చెప్పొచ్చా?"

"చెప్పు తల్లీ. అన్నీ చెప్పు."

పాప డాక్టరమ్మ వైపు తిరిగింది. ఇస్త్రీపెట్టె దగ్గర మొదలుపెట్టింది. బెల్టు సంగతి చెప్పింది. మెడ నొక్కిన రోజు తను మంచం కింద ఉన్నానంది, అమ్మ కాళ్ళు కొట్టుకోవడం కనిపించిందంది. ఆవిడ మర్చిపోయినవి కూడా చెప్పింది. డాక్టరమ్మ చేతిలో కలం ఆగిపోయింది.

"రాసుకోండి ఆంటీ," అంది పాప. "ఇంకా ఉన్నాయి."