మా ఇంటి రంగు

మా ఇళ్లలో పిల్లను చూడ్డానికి పోతే ముఖం కంటే ముందు అరచేతులు చూసేవారు. పట్టు అంచు నేసే చేతికి చెమట పట్టకూడదు, దారం మీద మరక పడుతుంది. అది మగ్గం జాగ్రత్త. దానికి మా అవ్వ ఇంకొకటి చేర్చింది: అరచేయి తెల్లగా ఉండాలి. గద్వాలలో మా వాళ్లలో చాలామందివి పాలిపోయిన అరచేతులే. అవ్వ దాన్ని మా ఇంటి రంగు అనేది. ఆ రంగు బయటికి పోవడం ఆమెకు ఇష్టం లేదు. అందుకే ఇంటర్ అయిపోగానే నన్ను తన చిన్న కొడుక్కే, అంటే మా అమ్మ తమ్ముడికే ఇచ్చి చేశారు. నన్ను చంకనెత్తుకుని తిప్పిన మామే మొగుడు, మా అవ్వే అత్త. ఇక అత్తాకోడళ్ల పోరు ఎక్కడిదని అమ్మలక్కలు నవ్వేవారు. నాకూ సంతోషంగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బాబు పుట్టాడు. వాడు మా అందరికంటే తెల్లన. అవ్వ దిష్టి తీసీ తీసీ అలసిపోయింది. ఆరో నెల దాటేసరికి పాలు తాగడానికే ఆయాసపడ్డాడు, పొట్ట ఉబ్బింది. కర్నూలు దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ మా ముగ్గురి రక్తమూ పరీక్ష చేయించి, వాడిది తలసీమియా అంది. నెలనెలా రక్తం ఎక్కించాలంది. ఎక్కించినా ఎన్నాళ్లో చెప్పలేనంది.

ఎట్లా వచ్చిందని అడిగితే ఆమె చంద్రకాంత పూల మాట ఎత్తింది. ఎర్రపూల మొక్కను తెల్లపూల మొక్కతో కలిపితే పుట్టేవి ఎర్రవీ కావు, తెల్లవీ కావు, గులాబీ రంగువి. ఒక గుణం రెండోదాన్ని పూర్తిగా దాచలేదు, సగం సగంగా రెండూ బయటపడతాయి. అసంపూర్ణ బహిర్గతత్వం. బైపీసీలో నేను బొమ్మ గీసి మరీ మార్కులు తెచ్చుకున్న పాఠమే. ఆ గులాబీ రంగువాటినే మళ్లీ ఒకదానితో ఒకటి కలిపితే నాలుగింట ఒకటి ఎర్రది, రెండు గులాబీవి, ఒకటి పూర్తిగా తెల్లది.

నేనూ మామా గులాబీ పూలం. రక్తం కాస్త తక్కువ, మెట్లెక్కితే ఆయాసం, అరచేతులు తెలుపు, అంతే. మాలోని మంచి సగం చెడ్డ సగాన్ని పూర్తిగా కప్పలేదు గానీ మమ్మల్ని బతకనిచ్చింది. వాడికి ఇద్దరి దగ్గర్నుంచీ చెడ్డదే వచ్చింది. రంగు అనుకుని మా వాళ్లు తరతరాలుగా ఏరి ఏరి పెళ్లిళ్లు చేసింది జబ్బుకు. అది అర్థమైనప్పుడు నాకు ఏడుపు రాలేదు. అవ్వ మీద ఒళ్లు మండింది.

రక్తం ఇస్తామని బంధువులంతా కర్నూలు బస్సెక్కారు. మనవాళ్ల రక్తమైతే పిల్లాడికి బాగా పడుతుందని వాళ్ల నమ్మకం. అక్కడ వేలికి సూది గుచ్చి చూసి, నీకే తక్కువుంటే నువ్వేమిస్తావని ఒక్కొక్కరినే వెనక్కి పంపారు. ఇంటినిండా మనుషులున్నా వాడికి పనికొచ్చేవాళ్లు లేరు. ఆ నెల వాడికి ఎక్కింది మల్దకల్ నుంచి ఉల్లిగడ్డల లారీ తోలుకొచ్చిన డ్రైవర్ రక్తం. ఆయన ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు.

వాడు ఏడేళ్లు బతికాడు. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో పేరుకుని ఆ గుండె ఆగిపోయింది.

దినాలు కాగానే అవ్వ పక్కన కూర్చుంది. "నాలుగిట్ల ఒకటే చెడ్డదన్నరు గద బిడ్డా. ఆ ఒకటి పాయె. ఇగ పుట్టేటోళ్లు మంచిగనే ఉంటరు" అంది. పిల్లలు అట్లా వంతులు వేసుకుని పుట్టరని, ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటినుంచేనని చెప్పాను. చదువు ఎక్కువైందంది. కడుపులో ఉండగానే హైదరాబాదులో పరీక్ష చేస్తారని, చెడ్డదని తేలితే తీయించుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. తేలేదాకా ఎదురుచూడటం నావల్ల కాదన్నాను. పిల్లలు కావాలని మాత్రం ప్రాణం కొట్టుకునేది.

ఒక మధ్యాహ్నం మామా నేనూ మగ్గం మీద ఉన్నాం. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. "నిన్ను బయటోళ్లకిచ్చి పెండ్లి చేస్త. నీ పిల్లలు బతుకుతరు."

నా చేయి ఆగిపోయింది. "ఈ మాట నా మొగుడంటున్నడా, మా అమ్మ తమ్ముడంటున్నడా?"

ఆయన తెగిన దారం ఒకటి ముడేశాడు.

"మీ అమ్మ తమ్ముడే" అన్నాడు. "మొగనికి నోరు వస్తలేదు."