‘రుకో’ బటన్ చేసిన మనిషి

బిలాస్‌పూర్‌లో భానుప్రియ పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీ ల్యాబులో కంప్యూటర్లన్నీ పాతవి. కొత్తగా ఏదీ ఎక్కించడానికి వీల్లేదు. సిలబస్‌లో మాత్రం హాస్కెల్ ఉంది. లెక్కల్లో సూత్రాలు రాసినట్టు, అన్నీ ఫంక్షన్లతోనే ప్రోగ్రాం రాసే భాష అది. పక్క ఊరు తఖత్‌పూర్ నుంచి బస్సులో వచ్చే పిల్లల దగ్గర ల్యాప్‌టాపులు లేవు, ఫోన్లే. అందుకని ఆ భాషను బ్రౌజరులోనే నడిపించాలని ఆమె పట్టుబట్టింది. వేసవి సెలవులన్నీ కూర్చుని ఆ పని సాధించింది. పేజీ తెరిస్తే చాలు, ఫోనులోనే ప్రోగ్రాం నడిచేది.

చిక్కల్లా ఒకటే. ఎవరైనా తనను తానే పిలుచుకుంటూ ఎప్పటికీ ఆగని ఫంక్షన్ రాస్తే పేజీ మొత్తం బిగుసుకుపోయేది. ఏది నొక్కినా కదిలేది కాదు. రాసిందంతా పోయేది. నెల రోజులు తిప్పలు పడినా దారి దొరకలేదు.

దారి చూపింది ల్యాబ్ అటెండెంట్ నాగేంద్ర. యాభై దాటిన మనిషి, డిగ్రీ లేదు. రైల్వే కాలనీలో భానుప్రియ వాళ్ల పక్క క్వార్టర్లో పెరిగాడు. ఆమె తండ్రిని అన్నయ్యా అనేవాడు. ఆమెకు బాబాయ్ వరస, కాలేజీలో మాత్రం మేడమ్ అని పిలుస్తాడు. పిల్లలు వెళ్లిపోయాక ఖాళీ కంప్యూటరు ముందు కూర్చుని అన్నీ తనంతట తనే నేర్చుకున్నాడు.

"ఏటి మేడమ్, పేజీనీ ప్రోగ్రాన్నీ ఒకే చోట నడుపుతున్నారు? ప్రోగ్రాన్ని ఎనకాల వేరేగా నడపండి. అది మొండికేస్తే దాన్నొక్కదాన్నే ఆపీచ్చు. పేజీకి ఏటీ అవదు."

నాలుగు రోజుల్లో తనే రాసిచ్చాడు. ఎర్ర బటన్ పెట్టి, దాని మీద హిందీలో ‘రుకో’, అంటే ఆగు, అని వేశాడు.

కాలేజీ వార్షికోత్సవంలో ఆ పేజీని తెర మీద చూపించారు. ప్రిన్సిపాల్ భానుప్రియకు శాలువా కప్పి, ఆ బటన్ ఆలోచన ఎంతో బాగుందని మెచ్చుకున్నాడు. మైకు ఆమె చేతిలోనే ఉంది. "థాంక్యూ సర్" అంది, అంతే.

మర్నాడు చెబుదామనుకుంది. మర్నాటికి చెప్పడం ఇంకా కష్టమైంది. నాగేంద్ర ఎప్పట్లాగే ల్యాబు తలుపు తీసి నమస్తే చెబుతుంటే, ఆమె ఫోను చూసుకుంటూ లోపలికి పోయేది.

మూడు వారాలకు వేరే ఊరి లెక్చరరు ఒకాయన ఫోన్ చేసి, ఆ బటన్ ఎలా పనిచేస్తుందని అడిగాడు. అదెలాగో ఆమెకే సరిగా తెలియదు. రేపు చెబుతానని పెట్టేసి, గత్యంతరం లేక నాగేంద్రనే అడిగింది. అతను కాగితం మీద వివరంగా రాసిచ్చి, "కింద మీ పేరు పెట్టి పంపీయండి మేడమ్" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అన్నాడు. ఆమె తల ఎత్తలేకపోయింది.

నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. "అటెండెంట్ పేరా? ఛోడియే మేడమ్, వదిలేయండి. వార్షికోత్సవం రిపోర్టు మీ పేరుతో వెళ్లిపోయింది" అన్నాడాయన. ఆమె వదల్లేదు. పేజీ పైనే నాగేంద్ర పేరు వేసి, ఆ బటన్ అతనిదేనని ల్యాబు క్లాసులో పిల్లలందరికీ చెప్పింది. వాళ్లు చప్పట్లు కొట్టారు. నాగేంద్ర వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాడు.

అందరూ వెళ్లాక, "తప్పయిపోయింది బాబాయ్" అంది.

"అచ్ఛా, పోన్లేమ్మా. నీకు శాలువా కప్పిన రోజు మీ పిన్నిని తీసుకొచ్చాను. భాను నా పేరు చెప్తాదని చెప్పి మరీ తెచ్చాను." వైర్ల చుట్ట బల్ల మీద పెట్టి, "మర్చిపోయుంటాదిలే అని చెప్పాను దానికి" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె వాళ్లింటికి వెళ్లింది. నాగేంద్ర భార్య కనకం చాప వేసింది.

"పిన్నీ, నేను మర్చిపోలేదు. గుర్తుండే చెప్పలేదు."

కనకం చాప అంచు సరిచేసింది.

"నాకు తెలుసమ్మా. మైకు పట్టుకుని మా వేపు చూసి, చూపు తిప్పీసుకున్నావు. ఆయనికి చెప్పలేదు నేను." లేచి వంటింట్లోకి నడిచింది. "కూచో, టీ పెడతాను."

భానుప్రియ కూర్చుంది.