కోదాడ నుంచి ఒక ఓటు

గల్లంతైన ఓట్ల గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఒక ఓటరు ఎవరి బలవంతమూ లేకుండా, మధ్యాహ్నం భోజన విరామంలో తన ఓటును తానే తీయించుకుని, అధికారులు ఫోన్ చేసి నిజమేనా అని అడిగితే నిజమేనని గట్టిగా చెప్పి, పోలింగ్ నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని క్యూలో నిలబడ్డ సంగతి మాత్రం చదివి ఉండరు. ఆ ఓటరు నేనే. దీనికంతటికీ కారణం రాంబాబు. అతను ఏ తప్పూ చేయలేదు. నా అసలు బాధ అదే.

మాది సూర్యాపేట. మిర్యాలగూడలో ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేస్తూ రోజూ బస్సులో వెళ్లి వస్తుండేవాణ్ణి. నా భార్య విమలది కోదాడ. పద్దెనిమిదేళ్లు నిండగానే పుట్టింటి చిరునామాతో ఓటు నమోదు చేసుకుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది, రేషన్ కార్డు మారింది, ఓటు మాత్రం కోదాడలోనే ఉండిపోయింది.

రాంబాబు విమలకు మేనత్త కొడుకు, అంటే బావ. కోదాడలో వాళ్ల ఇంటి పక్కనే అతనికి బోరు మోటార్లు బాగుచేసే షాపు ఉంది. వరస ప్రకారం నాకు తమ్ముడు. నన్ను నోరారా అన్నా అని పిలుస్తాడు. పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. నాకు ఎప్పుడూ కీడు తలపెట్టలేదు. అసూయపడేవాడికి ఇంతకన్నా ఇబ్బంది ఉండదు. తిట్టుకుందామంటే పట్టు దొరకదు.

మా పెళ్లిలో ఒక ముసలమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఈ పిల్లను రాంబాబుకే ఇద్దామనుకున్నరు నాయనా, ఎట్లనో నీకు రాసిపెట్టుంది" అంది. ఆ ముసలమ్మకు చెవులు వినిపించేవి కావు. ఆ రోజే మా మామగారిని చూసి పెళ్లికొడుకు తండ్రి అనుకుంది. అలాంటి మనిషి మాటను నేను పాతికేళ్లు మోశాను.

ఇక ఎన్నికలు. ఎన్నిక వచ్చిందంటే విమల ముందురోజే కోదాడ బస్సెక్కేది. పొద్దున్నే రాంబాబు తన బండి మీద ముందు మా మామగారిని బూత్‌కు చేర్చి, రెండో విడతలో విమలను తీసుకెళ్లేవాడు. తొమ్మిది గంటలకల్లా మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చేది. మోటార్ల షాపు ముందు అందరూ సిరా వేలు చూపిస్తూ నిలబడి ఉంటారు. విమల పక్కన రాంబాబు. అతనికి ఈ వయసులో కూడా జుట్టంతా ఉంది. నేను సూర్యాపేటలో ఒంటరిగా ఓటేసి వచ్చి, గోడ గడియారం పక్కన నా వేలు పెట్టి ఫోటో తీసి పంపేవాణ్ణి. దానికి ఎవరూ బదులిచ్చేవారు కాదు. రాంబాబు ఒక్కడే దండం బొమ్మ పెట్టేవాడు.

నేను కోరుకున్నది చాలా చిన్నది. ఒక్కసారి నేను, నా భార్య ఒకే ఊళ్లో, ఒకే బడిలో ఓటేసి కలిసి ఇంటికి నడిచి రావాలి. ఈ మాట నోటితో అడిగి ఉంటే అయిపోయేది. అడగలేదు. మూతి ముడుచుకున్నాను.

"మళ్ల గా మొఖమేంది?" అనేది విమల బ్యాగు సర్దుకుంటూ.

"ఏం లేదు. మీ బావను అడిగానని చెప్పు."

"చెప్తే బావ సంతోషపడతడు. మీరే సంతోషపడరు."

అసెంబ్లీ ఎన్నికలకు ముందు, ఓటరు జాబితా సవరించే రోజుల్లో, నేను ఒక నిర్ణయానికి వచ్చాను. విమల ఓటును నేనే సూర్యాపేటకు తెస్తాను. చెప్పకుండా తెచ్చి ఆశ్చర్యపరుస్తాను. ఇలాంటి పనులు బంధువులందరికీ చేసిపెట్టేది రాంబాబే. ఎవరికి ఏ కార్డు కావాలన్నా ఫోన్ తీసి, "రెండు నిమిషాల్లో అయిపోద్ది" అనేవాడు, అయిపోయేది. ఆ రెండు నిమిషాలంటే నాకు మంట. పాతికేళ్లుగా పుస్తకాలతో బతుకుతున్నవాణ్ణి, ఒక ఫారం నింపలేనా?

లైబ్రరీలో కూర్చుని ఫోన్ తెరిచాను. అక్కడ రెండు ఫారాలు కనిపించాయి. ఒకటి చిరునామా మార్చడానికి, ఇంకొకటి పేరు తీసేయడానికి. చిరునామా మార్చే ఫారం ఒక్కటి చాలు. కానీ నేను లైబ్రేరియన్‌ను. ఒక పుస్తకాన్ని ఒక లైబ్రరీ నుంచి ఇంకో లైబ్రరీకి పంపాలంటే ముందు పాత రిజిస్టరులో కొట్టేయాలి, ఆ తర్వాతే కొత్త రిజిస్టరులో రాయాలి. రేషన్ కార్డు కూడా అంతే. పుట్టింటి కార్డులో పేరు తీయించాకే నా కార్డులో ఎక్కించారు. కాబట్టి ముందు కోదాడలో పేరు కొట్టించాలని, పేరు తీసేసే ఫారం తెరిచాను.

నేను మనిషినేనని ఆ ఫోనుకు నాలుగుసార్లు రుజువు చేసుకోవాల్సి వచ్చింది. వంకర అక్షరాలు చూసి రాశాను. ఓటీపీ వచ్చింది, కొట్టాను. తర్వాత ఒక ప్రశ్న వచ్చింది. ఎవరి పేరు తీయాలి? కింద రెండే జవాబులు. ఒకటి 'సెల్ఫ్', ఇంకొకటి 'అదర్'.

అదర్ అంటే ఇతరులు. పరాయివాళ్లు. విమల నాకు పరాయిదా? ఎవరికైతే పరాయిది కావాలో వాడు అక్కడ మోటార్లు చుట్టుకుంటున్నాడు. నేను మాత్రం ఆ మాట నొక్కను. సెల్ఫ్ అని నొక్కాను. కాస్త గట్టిగానే నొక్కాను.

వెంటనే తెర మీద నా పేరు వచ్చింది. దరఖాస్తు పెట్టేది నేనే కాబట్టి నా పేరే రావాలి కదా అనుకున్నాను. కారణం అడిగితే, శాశ్వతంగా వేరే చోటికి వెళ్లిపోయారు అన్నది ఎంచుకున్నాను. పని ముగిసింది, అక్కడ కొట్టేశాక ఇక్కడ వాళ్లే ఎక్కిస్తారనుకున్నాను. గడియారం చూశాను. నలభై నిమిషాలు. రాంబాబు కన్నా ముప్పై ఎనిమిది ఎక్కువ, అయినా సొంత పని.

వారం తర్వాత మిర్యాలగూడ బస్టాండులో ఉండగా ఫోన్ మోగింది.

"సార్, బీఎల్వోను మాట్లాడుతున్న. మీ నంబరు నుంచి పేరు తీసెయ్యమని దరఖాస్తు వచ్చింది. నిజంగ మీరే పెట్టిండ్రా?"

బీఎల్వో అంటే బూత్ జాబితా చూసే ఉద్యోగి. కోదాడ బీఎల్వో ఎంత శ్రద్ధగా ఉందో అనుకున్నాను.

"నేనే పెట్టానమ్మా."

"ఎవరన్న బలవంతం చేసిండ్రా సార్?"

"లేదమ్మా. చాలా ఏళ్లుగా అనుకుంటున్నదే."

"అయితే ఓటరు ఇగ ఈడ ఉండరా?"

"ఉండరు. పండగకో పబ్బానికో వచ్చిపోతారు, అంతే."

"ఓటుకు రారా?"

"ఓటుకు అసలే రారు. రానివ్వను."

"సరే సార్. మీకు ఎరుకైన మనిషే గదా?"

"ఎరుకేమిటమ్మా, సొంతం."

"ఇంటికి నోటీసు వస్తది సార్."

"పంపండి. పక్కనే మోటార్ల షాపు ఉంటుంది, ఆయనకు కూడా ఒకసారి చూపించండి."

"ఈ గల్లీల మోటార్ల షాపు ఏడుంది సార్?"

అప్పుడే నా బస్సు హారన్ కొట్టింది. నా జీవితంలో ఆ ఒక్క ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పి ఉండాల్సింది. బస్సెక్కాను.

పోలింగ్ రోజు వచ్చింది. విమల కోదాడ వెళ్లలేదు. పొద్దున్నే తల స్నానం చేసి వంటింట్లో ఉంది. నేను గొంతు సవరించుకున్నాను.

"ఈసారి నువ్వు కోదాడ పోనక్కర్లేదు."

"తెలుసు గదా. చీటీ వచ్చింది" అని ఫ్రిజ్ మీదున్న ఓటరు చీటీ చూపించింది. సూర్యాపేట, మా ఇంటి నంబరు, ఆమె ఫోటో. కళ్లారా చూసుకున్నాను. పేరు కొట్టేస్తే వాళ్లే ఇక్కడ ఎక్కించారు, ప్రభుత్వం ఇంత చురుగ్గా పనిచేస్తోందా అని గౌరవం కలిగింది. నా చీటీ రాలేదు. దానిదేముంది, ముప్పై ఏళ్లుగా వేస్తున్నాను.

బడి దగ్గర ఆడవాళ్ల వరుస, మగవాళ్ల వరుస పక్కపక్కనే ఉన్నాయి. ఇద్దరం ఒకరి పక్కన ఒకరు జరుగుతూ వెళ్లాం. మా పెళ్లిలో కూడా నేను అంత నిటారుగా నడవలేదు. విమల ముందు వెళ్లి, సిరా వేలితో బయటికొచ్చి నవ్వింది. నేను లోపలికి వెళ్లాను.

జాబితా చూస్తున్న ఉద్యోగి రెండుసార్లు వేలు పెట్టి వెతికాడు.

"ఈ ఇంటి నంబరు మీద ఒక్కటే ఓటుంది సార్. ఆడమనిషిది. ఇప్పుడే వేసిపోయింది."

"ఆమె నా భార్య."

"అయితుండొచ్చు సార్. మీ పేరు మీద డిలీటెడ్ అని కొట్టుంది."

"ఇదిగో నా ఓటరు కార్డు. ఇదిగో ఆధార్."

"కార్డు మీరెవరో చెప్తది సార్. ఓటుండాల్నంటే పేరు లిస్టుల ఉండాలె."

పక్కన కూర్చున్న ఏజెంట్లు ముగ్గురూ మూడు పార్టీలవాళ్లు. మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. "సారు మాకు ఎరుకే. రోజు పొద్దుగాల మిర్యాలగూడ బస్సు కాడ నిలబడతడు."

"మీకెరుకైతే చాలదు" అన్నాడు ఉద్యోగి. "ఎనకాల లైనుంది సార్, జర జరుగుండ్రి."

బయటికొచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ఎవరి పనో నాకు అర్థమైపోయింది. ఆమె ఓటు ఇటు వచ్చిందని కక్షతో నా ఓటు పీకించాడు.

"మీ బావకు ఫోన్ చెయ్" అన్నాను.

విమల స్పీకర్ పెట్టింది. జరిగింది విని రాంబాబు, "అన్నా, ఆగండి, రెండు నిమిషాలు" అన్నాడు. ఆ మాట నా నెత్తి మీద మొట్టినట్టు తగిలింది.

"అన్నా, మీ పేరు తీసేశారు. శాశ్వతంగా వెళ్లిపోయారని రాశారు."

"అది కనిపించిందయ్యా. తీయించింది ఎవడో చెప్పు. వాణ్ణి వదిలిపెట్టను. ఎవడైనా సరే, ఎంత దగ్గరివాడైనా సరే."

"పోనివ్వండన్నా" అన్నాడు.

"చెప్పవయ్యా, భయమెందుకు?"

"అర్జీ పెట్టింది మీరే అన్నా."

క్యూలో ఉన్నవాళ్లందరూ విన్నారు. విమల నా మొహం చూసింది. చేసిందంతా చెప్పక తప్పలేదు. సెల్ఫ్, అదర్ దగ్గరికి వచ్చేసరికి ఆమె బడి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"నా ఓటు జూన్‌లనే బావ ఇటు మార్పించిండు. ప్రతిసారి మీ మొఖం సూడలేక నేనే అడిగిన. మీకు చెప్పిన గూడ."

"ఎప్పుడు చెప్పావు?"

"మీరు పుస్తకంల ఉన్నరు. ఊఁ అన్నరు. మీకేదో నోటీసు వచ్చిందని ఇచ్చినప్పుడు గూడ ఊఁ అన్నరు."

ఆ నోటీసు తర్వాత దొరికింది. విప్పకుండా, నేను చదువుతున్న పుస్తకంలో నూట పన్నెండో పేజీ దగ్గర గుర్తుగా పెట్టుకున్నాను. ఆ రోజు నేను అదర్ అని నొక్కి ఉంటే ఆ ఫారం మొదట ఆమె వివరాలే అడిగేది, ఆమె అప్పటికే సూర్యాపేటలో ఉందని అక్కడే తెలిసిపోయేది.

ఆ సాయంత్రం గ్రూపులో ఫోటో విమల పెట్టింది. సిరా ఉన్న ఆమె వేలు, పక్కన ఏమీ లేని నా వేలు. కింద రాంబాబు దండం బొమ్మ పెట్టాడు.

నా ఓటును మళ్లీ ఎక్కించింది అతనే. రెండు నిమిషాలు పట్టింది. పార్లమెంటు ఎన్నికల్లో నేను, విమల ఒకే బడిలో ఓటేసి, ఎండలో కలిసి ఇంటికి నడిచి వచ్చాం. దారిలో నిమ్మసోడా తాగాం. అది ఒక్కసారే జరిగింది. పోయిన ఏడాది విమల చనిపోయింది.

మొన్న బీఎల్వో మేడం జాబితా పట్టుకుని ఇంటికి వచ్చింది. ఫోనులో మాట్లాడిన ఆమే. నన్ను గుర్తుపట్టి నవ్వబోయి, ఊరుకుంది.

"మేడం పేరు తీసెయ్యాలె సార్. ఇంటోళ్లు దరఖాస్తు పెడితే జల్ది అయితది. ఉంచితే పోలింగు నాడు ఇంకెవరన్న వచ్చి మేడం పేరు మీద ఏసిపోతరు."

ఇంకెవరో విమలనని చెప్పుకుని, విమల వేసే చోట ఓటేసి, వేలికి సిరా పెట్టించుకోవడం. ఆ కనిపించని మనిషి మీద నాకు అప్పుడే అసూయ పుట్టింది. ఆ రోజే ఫారం తెరిచాను. వంకర అక్షరాలు రాశాను. ఓటీపీ కొట్టాను. ఎవరి పేరు తీయాలి? సెల్ఫ్, అదర్.

ఇప్పుడు ఏది నొక్కాలో నాకు బాగా తెలుసు. నొక్కలేదు. కోదాడకు ఫోన్ చేశాను.

"తమ్ముడూ, ఒక ఫారం ఉంది. విమలది. నువ్వు నింపుతావా? రెండు నిమిషాల పని."

"నేను చూస్తానన్నా" అన్నాడు.

పన్నెండు రోజులైంది. నిన్న నేనే అడిగాను. "కరెంటు లేదన్నా" అన్నాడు. ఫోన్ పనికి కరెంటు ఎందుకని నేను అడగలేదు. ఆమె పేరు తీయలేకపోవడంలోనైనా నాకన్నా వెనకబడతాడేమో అని చూశాను, ఇందులోనూ నాతో సమానంగా వచ్చాడు.

అందుకని నా ఓటరు కార్డు మీద చెయ్యి పెట్టి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఓటర్లందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పేరు తీసేసే ఫారం జోలికి ఇక జన్మలో ఒంటరిగా వెళ్లను. ఈ ఆదివారం పొద్దున బస్సుకు కోదాడ వెళ్తున్నాను. మోటార్ల షాపులో ఇద్దరం కూర్చుంటాం. ఓటీపీ నా ఫోనుకు వస్తుంది, నేను చదువుతాను. అదర్ అన్నది అతను నొక్కాలి. అతను నొక్కకపోతే ఇద్దరం టీ తాగి, ఇంకో ఓటీపీ తెప్పించుకుంటాం.